కండ్లు మూసుకున్న, గంతే

మొన్న మెదక్ నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. బస్సు ఊరు దాటకముందే ఆయన తల నా భుజం మీదికి వాలింది. కౌడిపల్లి వచ్చేదాకా ఆ తలను నేనే మోశాను. అక్కడ బస్సు ఆగిన కుదుపుకు ఆయన ఉలిక్కిపడి లేచి, చొక్కా సర్దుకుని, నేనేమీ అడగకముందే సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

"పండుకోలే సార్. ఊకె కండ్లు మూసుకున్న, గంతే."

నాకు నవ్వు రావలసింది. కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నిరుడు పోయిన మా బావ మీద. అదే మాట, అదే అబద్ధం, అదే దబాయింపు. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని మా అమ్మ అంటుంది కానీ, మా బావ విషయంలో ఆ నియమం పాటించడం నా వల్ల కావడం లేదు.

బావ అంటే మా అక్క భర్త. మెదక్‌లో టెంట్ హౌస్ నడిపేవాడు. పెళ్ళికైనా, దినాలకైనా, నాయకుల మీటింగుకైనా షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు ఆయన గోదాం నుంచి వెళ్ళవలసిందే. ఏడుపాయల జాతర వచ్చిందంటే మనిషి ఇంటికి కనబడడు. పొట్టి మనిషి, భుజం మీద తువ్వాల, జేబులో ఎప్పుడూ ఇంత సోంపు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి చొక్కా గుండీ పట్టుకోవడం ఆయన అలవాటు. మాట పూర్తయ్యేదాకా వదలడు. ఆ గుండీ పట్టుకునే, మాట మధ్యలో, నిద్రపోయేవాడు. నిద్రలో కూడా పట్టు సడలేది కాదు. అట్లా నా చొక్కాలకు ఊడిన గుండీలు అక్క కుట్టి ఇచ్చేది.

నిద్ర ఆయన లెక్కలో ఒక చెడ్డ అలవాటు. కల్లు లాంటిది, పేకాట లాంటిది. "పండుకున్నోని పని గూడ పండుకుంటది" అనేవాడు. రాత్రిపూట టెంటు వేయడానికి పనివాళ్ళు ఉండేవారు, వాళ్ళకు పని తెలుసు, మేస్త్రీ నమ్మకస్తుడు. అయినా ఈయన వెళ్ళి జనరేటర్ పక్కన కుర్చీ వేసుకుని తెల్లవార్లూ కూర్చోవాలి. పెళ్ళిళ్ళు లేని రోజుల్లోనైనా పడుకుంటాడా అంటే, ఇంట్లో ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరగడం, నీళ్ళు తాగడం, వాకిట్లోకి వెళ్ళి మేకు ఒకటి పట్టుకుని వంగిందా లేదా అని చూడడం. పొద్దున మాత్రం ఏదో యుద్ధం గెలిచినవాడిలా మీసం తడుముకుంటూ, తాను రాత్రంతా కన్ను మూయలేదని వీధికంతా చెప్పేవాడు.

రాత్రి పారేసుకున్న నిద్రను పగలంతా వెతుక్కుంటూ తిరిగేవాడు. మంగలి కుర్చీలో పడుకునేవాడు. తహసీల్ ఆఫీసు బెంచీ మీద పడుకునేవాడు. ఒకరి ఇంటికి పరామర్శకు వెళ్ళి, చనిపోయినాయన ఫోటో పక్కనే గోడకు ఆనుకుని పడుకుంటే, పాపం ఎంత దుఃఖపడి సొమ్మసిల్లాడో అని ఆ ఇంటివాళ్ళు మొహం మీద నీళ్ళు చల్లారు. నా పెళ్ళి ఆల్బంలో తలంబ్రాల ఫోటో ఒకటి ఉంది. ముందు నేనూ నా భార్యా, వెనుక పందిరి గుంజకు చేరబడి నోరు తెరుచుకుని మా బావ. ఆ ఫోటో చూపించి నిలదీస్తే, బియ్యం కండ్లల్ల పడ్తయని మూసుకున్నానన్నాడు. మరి నోరెందుకు తెరిచావంటే, దీవెనలు ఇస్తున్నానన్నాడు.

షుగర్ ఉన్నట్టు తెలిసింది కాలి పుండు వల్ల. టెంటు మేకు గుచ్చుకున్న గాయం ఎన్నాళ్ళకీ మానకపోతే అక్క పోరు పెట్టి దవాఖానకు పంపింది. షుగర్ ఎక్కువగా ఉందన్నారు. ఆ రోజు నుంచి మా బంధువులందరికీ కష్టాలు మొదలయ్యాయి.

ఎందుకంటే తిండి విషయంలో ఆయన డాక్టరు చెప్పినదానికి పదింతలు చేశాడు. అన్నం మానేశాడు. జొన్నరొట్టె, ఆకుకూర, అంతే. పెళ్ళిళ్ళలో జిలేబీ వేస్తున్న కడాయి పక్కనే నిలబడి, ఒక్క ముక్క కూడా ముట్టకుండా, తన టిఫిన్ డబ్బాలోంచి రొట్టె తీసి తినేవాడు. అంతవరకు మెచ్చుకోవలసిందే. కానీ జిలేబీ తింటున్నవాళ్ళ దగ్గరికి పోయి గుండీ పట్టుకునేవాడు. మా ఇంట్లో పండుగకు బెల్లం పూర్ణంతో భక్షాలు చేస్తే, నా భార్య విస్తరి ముందే నిలబడి, అది భక్షం కాదు విషం అని ఉపన్యాసం ఇచ్చాడు. ఆమె ఆ తర్వాత పండుగలకు మా బావ వస్తున్నాడంటే పాయసం కూడా చేయలేదు.

ఇంత చేసినా షుగర్ తగ్గలేదు. మందులు వేళకు వేసుకునేవాడు, పొద్దున్నే చర్చి దాకా నడిచేవాడు, అయినా రిపోర్టు వచ్చిన ప్రతిసారీ అదే తంతు. ముందు ఆయన మెదక్‌లోని పరీక్ష మిషన్లను అనుమానించాడు. నన్ను బండి వెనుక ఎక్కించుకుని తూప్రాన్ వెళ్ళి అక్కడ రక్తం ఇచ్చాడు. అక్కడా తగ్గలేదు. మెంతులు నానబెట్టిన నీళ్ళు, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, అన్నీ అయ్యాయి. కౌడిపల్లి అవతల ఎవరో ఆకు పసరు ఇస్తారంటే అక్కడికీ నన్నే తీసుకెళ్ళాడు. నేను బడి పంతుల్ని. నాకు సెలవు అంటే ఏమిటో మా బావ ఎన్నడూ తెలియనివ్వలేదు. ప్రతిచోటా నన్ను ముందుకు తోసి, వీడు సదువుకున్నోడు, వీనికి చెప్పుండ్రి అనేవాడు. వాళ్ళు నాకు చెబుతుంటే తాను పక్క బల్ల మీద కూర్చుని నిద్రపోయేవాడు.

చివరికి ఒక డాక్టరమ్మ దొరికింది. చిన్న వయసు, ఓపిక ఉన్న మనిషి. పాత కాగితాలన్నీ చూసి, తిండి గురించి అడిగి, మందుల గురించి అడిగి, రాత్రి ఎప్పుడు పడుకుంటారని అడిగింది. బావ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆ రోజు అక్క కూడా వచ్చింది కనుక అక్కే జవాబు చెప్పింది, ఆయన పడుకోరని.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతుందా అని అక్కను అడిగింది. అట్లాంటివేమీ లేవంది అక్క. అప్పుడు ఆమె మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. రాత్రి నిద్ర సరిగా లేకపోతే ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా దాని మాట ఒళ్ళు వినదట. కంగారు పుట్టించే రసాయనాలు రక్తంలో ఎక్కువై, అవి కాలేయంలో దాచిన చక్కెరను బయటికి తోస్తాయట. మర్నాడు ఆకలి కూడా ఎక్కువే అవుతుందట. పగలు కునికిన కునికిపాట్లు రాత్రి నిద్రకు సరిపోవట. మందులు, తిండి, నడక ఎంత ముఖ్యమో నిద్ర కూడా అంతే అని, గోడ మీద మా బావ పంచిన టెంట్ హౌస్ క్యాలెండర్ చూసిందేమో, మీ టెంటుకు ఒక గుంజ తీసేస్తే నిలబడుతుందా అని అడిగింది.

"మూడు గుంజల మీద గూడ నిలవెట్టిన నేను" అన్నాడు బావ.

బయటికొచ్చాక నా గుండీ దొరకబుచ్చుకున్నాడు. "నేను షుగర్ కోసం వస్తె, రాత్రి ఎప్పుడు పండుకుంటవని అడుగుతది. చీకటి పడంగనే గంప కింద పండుకునేటందుకు నేనేమన్న కోడినా బామ్మర్ది?"

నేను చెప్పగలిగినంత చెప్పాను. అక్క చెప్పింది. మేస్త్రీ చెప్పాడు. వినలేదు. ఆ ఎండాకాలం పెళ్ళిళ్ళ జోరులో ఒక మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. ట్రాలీ ఆటోలో కుర్చీలు వేసుకుని తానే నడుపుకుంటూ పోయి, రోడ్డు దిగి మక్కచేనులోకి వెళ్ళిపోయాడట. నేను బండి మీద పరుగెత్తాను. ఆటో చేను మధ్యలో ముక్కు నేలకానించి ఉంది. కుర్చీలు మక్క మొక్కల మధ్య అటూ ఇటూ పడి ఉన్నాయి. మా బావ నుదుటి మీద నెత్తురు తువ్వాలతో అద్దుకుంటూ, ఆ కుర్చీలను ఒక్కొక్కటే ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. చేను రైతు గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు.

బర్రె అడ్డమొచ్చిందన్నాడు బావ. ఏ బర్రె అని నేను రైతును అడిగాను. చుట్టుపక్కల బర్రె లేదు, దాని పేడ కూడా లేదు. ఆ ఆటో తిన్నగా, ఎవరో పిలిచినట్టు, మెల్లగా చేనులోకి దిగిపోయిందని రైతు చెప్పాడు. పక్కనే బడి పిల్లలు నడిచిపోయే దారి. ఆ రోజు సెలవు కనుక సరిపోయింది.  ఆయన మాత్రం ఆ కుర్చీలన్నీ ఇంకో బండిలో వేయించి, సాయంత్రానికల్లా పెళ్ళివాళ్ళ ఇంట్లో వరసగా పేర్పించి, ఆ మాట నాతో గొప్పగా చెప్పాడు.

మర్నాడు గోదాంకు వెళ్ళి నేను అరిచాను. చుట్టిన తివాచీల మీద కూర్చుని ఉన్నాడు, నుదుటికి పట్టీ. పనివాళ్ళు భోజనానికి వెళ్ళారు. ఏం మనిషివని అడిగాను. నువ్వు పోతే పోయావు, దారిన పోయే పిల్లలేం చేశారని అడిగాను. బావను ఏకవచనంలో పిలవడం మాకు మామూలే కానీ ఆ రోజు నేనన్న మాటలు మామూలువి కావు.  ఆయన నా గుండీ పట్టుకోలేదు. నుదుటి పట్టీ తడుముకుని, మా అన్న ఎట్ల పోయిండో తెలుసా నీకు అన్నాడు.

తెలుసు. వాళ్ళ అన్న నిద్రలోనే పోయాడు. ఊరంతా పుణ్యాత్ముడని చెప్పుకున్నారు. ఎవరినీ కష్టపెట్టకుండా పోయాడని, అట్లాంటి చావు అందరికీ రాదని నేను కూడా అన్నట్టు గుర్తు.

"లేపనీకి పోయింది నేను" అన్నాడు బావ. "చాయ తీస్కొని పోయిన. పిలిచిన. పలకలే. పండుకున్నడనుకున్న. రాత్రంత పని చేసిండు గదా, పండుకోనీ అని పక్కన కూసున్న. చాయ చల్లారేదాక గట్లనే కూసున్న బామ్మర్ది, ఆయన మొఖం సూసుకుంట. గాయినకు గూడ షుగరే."

అప్పటినుంచి కన్ను అంటుకోబోతుంటే గుండె దడదడమంటుందని చెప్పాడు. లేచి కూర్చుంటే తగ్గుతుందట. పగలైతే చుట్టూ మనుషులుంటారు, ఎవడో ఒకడు లేపుతాడు, అందుకని పగలు నిద్ర పడుతుందట. రాత్రి అందరూ పడుకుంటే తనను లేపేవాడెవడు అన్నాడు. జనరేటర్ పక్కన కూర్చునేది కూడా అందుకే. దాని చప్పుడుకు నిద్ర రాదు.

నేనూ ఆ తివాచీల మీద ఆయన పక్కన కూర్చున్నాను. తర్వాత మెల్లగా, ఈ మాట డాక్టరమ్మకు చెబుదామన్నాను. ససేమిరా అన్నాడు. భయపడుతున్నాడని నలుగురికీ తెలిస్తే ఇంకేమైనా ఉందా, అక్కకు అసలే చెప్పొద్దన్నాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన జాలి వారం కూడా నిలవలేదు. వారం తిరక్కుండానే మళ్ళీ మంగలి కుర్చీలో పడుకుని, పడుకోలేదని మంగలితో గొడవ పెట్టుకున్నాడు.

ఆ తర్వాతిసారి పరీక్షకు వెళ్ళినప్పుడు అక్క మళ్ళీ మాతో వచ్చింది. కొన్నాళ్ళుగా ఆమెకు నీరసంగా ఉంటోంది, మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. ఇంటి పని, పనివాళ్ళకు వంట, వయసు అని మేము దేనికో ఒకదానికి అంటగట్టేవాళ్ళం. డాక్టరమ్మ బావ కాగితాలు చూస్తూ చూస్తూ అక్క మొహం చూసి, ఆమె రక్తం కూడా తీయించింది. ఫలితం వచ్చేదాకా మేము బయట బల్ల మీద కూర్చున్నాం. బావ, చెప్పనక్కర్లేదు, పడుకున్నాడు.

అక్కకూ షుగర్ వచ్చింది. కాస్తో కూస్తో కాదు, మందులు మొదలుపెట్టవలసినంత.

నాకు కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. అక్క తిండి నాకు తెలుసు. పిట్ట తిన్నంత తింటుంది. తీపి మీద ఆమెకు ఎన్నడూ యావ లేదు. ఆ మాటే నేను డాక్టరమ్మతో అన్నాను. తిండి ఒక్కటే కారణం కాదని, పుట్టింట్లో ఎవరికైనా ఉంటే కూడా రావచ్చని, ఇంకా చాలా ఉంటాయని చెప్పి, ఆమె అక్కను కూడా అదే ప్రశ్న అడిగింది. రాత్రి నిద్ర పడుతుందా అని.

అక్క కొంగు సర్దుకుంది. బావ వైపు చూడలేదు.

"ఈయన లేస్తె నాకు మెలకువ అయితది డాక్టరమ్మా. వాళ్ళ అన్న పోయిన సంది ఈయనకు పండుకోవాలంటె బుగులు. దడుసుకొని లేస్తడు, తిరుగుతడు. నేను లేచిన్నని తెలిస్తె, నన్ను లేపిండని బాధపడ్తడు. గందుకని పండుకున్నట్టే కండ్లు మూసుకొని ఉంట. ఈయన మల్ల ఒరిగేదాక నిద్ర రాదు. ఒరగడు."

 నేను వేసిన ఒట్టు ఎంత పనికిమాలినదో నాకప్పుడు తెలిసింది. ఆయన దాచానని అనుకున్నది ఆమెకు మొదటినుంచీ తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఒకరు భయంతో మేలుకుని ఉంటే, ఇంకొకరు ఆ భయాన్ని చూడనట్టు నటిస్తూ మేలుకుని ఉన్నారు. మేమందరం షుగర్ ఎందుకు తగ్గదని కాకరకాయలు పిండాం.

బావ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి, ఈ మాట నాకు ముందే చెప్పి ఉండవలసింది కదా అంది.

"మీరు నిద్ర గురించి అడిగిండ్రు. భయం గురించి అడగలే" అన్నాడు.

అప్పుడు కూడా. అంత జరిగాక కూడా. నేను లేచి బయటికి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ ఆ మాట అంటూనే ఆయన నా గుండీ పట్టుకున్నాడు, వదల్లేదు. డాక్టరమ్మ కోపగించుకోలేదు. గుండె పరీక్ష చేయించింది, భయపడవలసింది ఏమీ లేదని కాగితం చూపించి చెప్పింది. నిద్రలో షుగర్ పడిపోతుందేమోనన్న అనుమానం ఉంటే పడుకునేముందు ఇంట్లోనే మిషన్ మీద చూసుకోమంది. షుగర్ పడిపోతే ఒళ్ళు ఎట్లా చెబుతుందో, చెమటలూ వణుకూ ఎట్లా వస్తాయో వివరించింది. భయం తగ్గకపోతే దానికీ డాక్టర్లున్నారని, సిగ్గుపడవద్దని చెప్పింది. ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ బావ అక్క వైపే చూస్తూ కూర్చున్నాడు. పడుకోలేదు కూడా.

సాయంత్రం ఫోను చేశాడు. ఆ రోజు ఒక పెద్ద రిసెప్షన్ ఉంది. దానికి మేస్త్రీని ఒక్కడినే పంపి తాను ఇంట్లో ఉన్నానన్నాడు. కాసేపు నసిగి, "పండుకునుడు ఎట్ల బామ్మర్ది? అంటె, ముందుగాల ఏం చెయ్యాలె?" అని అడిగాడు.

యాభై ఏళ్ళు దాటిన మనిషికి నిద్రపోవడం ఎట్లాగో చెప్పవలసి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. డాక్టరమ్మ చెప్పినవే మళ్ళీ చెప్పాను. పొద్దుగూకాక చాయ వద్దన్నాను. చక్కెర లేని చాయ కదా, అదేం చేస్తదన్నాడు. ఫోను వేరే గదిలో పెట్టమన్నాను. పెండ్లివాళ్ళు ఫోను చేస్తే ఎవరెత్తాలన్నాడు. రోజూ ఒకే వేళకు పడుకోమన్నాను. పగలు మంగలి కుర్చీ దిక్కు పోవద్దన్నాను. ఆ మాటకు ఫోను పెట్టేశాడు.

కానీ పడుకున్నాడు. అంటే, మొదట్లో నిద్రపోలేదు. తాను లేస్తే ఆమె లేస్తుందని తెలిసింది కనుక లేవకుండా, కదలకుండా, కళ్ళు మూసుకుని పడి ఉండేవాడు. గుండె దడదడమన్నా సరే. ఆ సంగతి తానే చెప్పాడు, గోదాంలో తివాచీలు దులిపిస్తూ. ఆమె పడుకుంటదని కండ్లు మూసుకుంటున్న, గంతే అన్నాడు. ఆ మాట ఆయన నోట అబద్ధం కాకుండా వినడం నాకు అదే మొదటిసారి. అక్కేమో, ఆయన నిజంగా పడుకున్నాడా, పడుకున్నట్టు నటిస్తున్నాడా అని ఊపిరి వింటూ మరికొన్నాళ్ళు మేలుకుందట. ఒకనాడు ఇద్దరూ కళ్ళు తెరిచి ఒకరికొకరు దొరికిపోయారు. అప్పుడు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో అక్క చెప్పలేదు. ముందు మెలకువ వచ్చినవాళ్ళు రెండోవాళ్ళను తట్టి లేపాలని మాత్రం ఒప్పందం చేసుకున్నామంది. ఎంత పొద్దున్నే అయినా, ఎంత విసుగొచ్చినా లేపాలి. తనను లేపేవాళ్ళు ఒకరు ఉన్నారన్న ధీమా ఆయనకు దొరికినట్టుంది. కొన్ని వారాలకు ఆయన నటించడం మరిచిపోయి నిజంగానే నిద్రపోవడం మొదలుపెట్టాడు.

ఆ చలికాలం నాటికి ఇద్దరి షుగరూ దారికి వచ్చింది. డాక్టరమ్మ బావకు ఒక మాత్ర తగ్గించింది కూడా. మందులు మానొద్దు, తిండీ నడకా వదలొద్దు, నిద్ర ఒక్కటే చేసిన పని కాదిది, కానీ నిద్ర లేకపోతే మిగతావి ఇట్లా పనిచేసేవి కాదు అని మరీ మరీ చెప్పింది. బావ బుద్ధిగా తలూపాడు. బయటికొచ్చి, నేను అనుకుంటూనే ఉన్నాను, నా గుండీ పట్టుకున్నాడు. "చూసినవా. కౌడిపల్లి పసరు జర ఆలస్యంగ పనిచేస్తదని గా పసరిచ్చినాయన ముందుగాలనే చెప్పిండు."

నేను ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు.

ఇంతటితో అయిపోయిందా అంటే అదీ లేదు. మేలుకుని ఉన్నప్పుడు ఎంత గొప్పలు పోయాడో నిద్ర అలవాటయ్యాక అంత గొప్పలు పోయాడు. పెళ్ళివాళ్ళతో బేరం కుదిరేటప్పుడే, పాటల డబ్బాలు పదింటికల్లా బంద్ చేస్తేనే టెంటు ఇస్తానని షరతు పెట్టేవాడు. రాత్రి భోజనానికి ఎవరి ఇంటికి పిలిచినా చీకటి పడకముందే వెళ్ళి, వంట కాలేదని విసుక్కుని, తినకుండా వచ్చేసేవాడు. కళ్ళ కింద నలుపు కనబడితే చాలు, ఆ మనిషి గుండీ ఊడినట్టే. నాకు రోజూ తొమ్మిదిన్నరకు ఫోను. ఎత్తితే, పండుకున్నవా అని అడిగేవాడు. పండుకుంటే ఫోనెట్లా ఎత్తుతాను బావా అంటే, మరి పండుకో అని పెట్టేసేవాడు. ఎత్తకపోతే ఎత్తేదాకా చేసేవాడు. ఒకసారి నా భార్య ఫోను లాక్కుని, మా నిద్ర పాడు చేస్తున్నది మీరే అన్నయ్యా అని గట్టిగానే చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. మర్నాటి నుంచి తొమ్మిదింటికే చేశాడు.

మూడు నాలుగేళ్ళు అట్లా గడిచాయి. నిరుడు వానాకాలంలో జ్వరం వచ్చింది. ఒకటి రెండు రోజులు దానితోనే గోదాంలో తిరిగాడు. తర్వాత అది ఊపిరితిత్తుల్లో నిమ్ముగా మారింది. హైదరాబాద్ తీసుకుపోయాం. ప్రాణంతో తిరిగి తీసుకురాలేకపోయాం. అంతకంటే దాని గురించి రాయాలని లేదు.

దినాల్లో ఇల్లంతా చుట్టాలు. అక్క గురించే నా దిగులు. ఇన్నేళ్ళు ఆయన మేలుకుంటే మేలుకుని, ఆయన పడుకుంటే పడుకున్న మనిషి ఇప్పుడేం చేస్తుందో, షుగర్ ఏమవుతుందోనని ఆమెనే చూస్తూ కూర్చున్నాను. ఆ మూడో రోజు రాత్రి భోజనాలయ్యాక ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరి బావ సంగతులు తలుచుకుని ఏడుస్తున్నారు. అక్క కాసేపు విన్నది. తర్వాత వేలికి సూది గుచ్చుకుని షుగర్ చూసుకుంది, మాత్ర వేసుకుంది, తాను పడుకుంటానని చెప్పి లేచింది.  మా మేనత్త ఉండబట్టలేక, మొగడు పోయి మూడొద్దులు కాలే, నీకు నిద్ర ఎట్ల వస్తది బిడ్డా అంది.

అక్క గడప దగ్గర ఆగింది. మొహంలో దుఃఖం ఉంది, విసుగూ ఉంది. ఆ విసుగు నాకు బాగా తెలిసినదే.

"గాయన వల్ల ఎన్ని తిప్పలు పడ్డనో మీకెవ్వరికి తెల్వది అత్తా. ఇద్దరం కష్టపడి నేర్చుకున్నది గిదొక్కటే. గిది గూడ పోగొట్టుకోమంటవా?"

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. బయట అత్త ఏదో అనబోయింది. నేను లేచి, అందరినీ మెల్లగా మాట్లాడమన్నాను.